అన్ని గదులకూ ఒకే చల్లదనం

ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాం ఒక్కసారి కూడా మాటా మాటా అనుకోకపోవడం చూసి ఏసీ మెకానిక్ ఆశ్చర్యపోయాడు.

పైకప్పు కింద గొట్టాలు నడిపి, ఒకే యంత్రంతో ఇల్లంతటికీ చల్లగాలి పంపే డక్ట్ ఏసీలు బిగించడం అతని పని. ఈ పనిలో అతను యంత్రాలకన్నా ఆలుమగల తగాదాలే ఎక్కువ చూశాడు. గాలి మంచం మీదికి రావాలా, కిటికీ వైపు పోవాలా అన్న దగ్గర మొదలై, మీ అమ్మగారి గదికి ఏసీ ఎందుకన్న దాకా వెళ్లేవి. ఒకావిడైతే స్విచ్చు తన తలవైపే పెడతానని ఒప్పుకునేదాకా నిచ్చెన ఎక్కనివ్వలేదు.

ఇక్కడ అలాంటిదేమీ లేదు. తక్కువ ఖర్చులో ఏది వస్తుందని ఇంటాయన అడిగాడు. మెకానిక్ రెండు రకాలు చెప్పాడు. చవకది కాస్త చప్పుడు చేస్తుంది. రెండోది కొంచెం ఖరీదు, నడుస్తున్నట్టే తెలియదు.

"నీకేది బాగుంటే అది," అన్నాడాయన భార్యతో.

"మీ ఇష్టం. చవకదే చాలేమో," అందావిడ.

చప్పుడుకు నాలుగు రోజుల్లో అలవాటు పడిపోతారని మెకానిక్ ధైర్యం చెప్పాడు. కాస్త ఎక్కువిస్తే గ్యారంటీ కూడా ఎక్కువ ఏళ్లు వస్తుందన్నాడు. అవసరం లేదని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఒకరి మనసు ఒకరికి ఇంతలా తెలిసిన వాళ్లు కూడా ఉంటారా అనుకున్నాడు మెకానిక్.

ఇంటి చివర ఒక చిన్న గది ఉంది. గోడలకు లేత పసుపు రంగు. పైకప్పుకు ఎవరో ఓపిగ్గా కత్తిరించి అంటించిన కాగితపు మేఘాలు. మంచం లేదు, బీరువా లేదు. ఈ గది వదిలేస్తే ఖర్చు కలిసొస్తుందని మెకానిక్ సలహా ఇచ్చాడు.

ఆవిడ గుమ్మం దాటి లోపలికి రాలేదు. "దీనిక్కూడా వేయండి. పిల్లలున్నవాళ్లకి ఇదే కదా ముఖ్యం."

ఆయన కిటికీ వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. "వేసెయ్," అన్నాడు.

ఇల్లంతా తిరిగినా ఒక్క బొమ్మ గాని, పిల్లల చెప్పుల జత గాని కనబడలేదన్న సంగతి మెకానిక్‌కి అప్పుడు తట్టింది. గాలి వచ్చే జాలీ బిగించడానికి మేఘాలు తీయక తప్పలేదు. చిరగకుండా ఒక్కొక్కటే ఊడదీసి ఆవిడకి అందించాడు. ఆవిడ వాటిని దొంతరగా పేర్చుకుని, సగం తీసి భర్త చేతిలో పెట్టింది. ఆయన తీసుకున్నాడు.

దుఃఖాన్ని కూడా సమంగా పంచుకునేవాళ్లు, అనుకున్నాడు మెకానిక్. నిచ్చెన మీద ఉండి చేతి వెనక భాగంతో కళ్లు ఒత్తుకున్నాడు. అతని ఇంట్లో పొయ్యి వెలిగి చాలా రోజులైంది. కాస్త వెలుతురొచ్చే ఇంటికి మారదామని భార్య, షాపుకు దూరమవుతుంది వద్దని అతను. మాటలు ముదిరి ఆమె అక్క ఇంటికి వెళ్లిపోయింది. నువ్వే రమ్మని అడగాలని ఆమె పట్టు, వెళ్లినదానివి నువ్వే రావాలని ఇతని పట్టు.

పని పూర్తయ్యింది. యంత్రం ఒకసారి గుర్రుమని నడక అందుకుంది. అన్ని గదుల్లోకీ ఒకేలా చల్లగాలి వచ్చింది. ఆవిడ హాల్లో జాలీ కింద నిలబడి కళ్లు మూసుకుంది. ఆయన లోపలికి వెళ్లి శాలువా తెచ్చి ఆవిడ భుజాల మీద కప్పాడు. ఆవిడ దాని అంచు గట్టిగా పట్టుకుంది. కళ్లు మూసుకునే ఉంది, చెంపలు మాత్రం తడిశాయి.

"ముందే పెట్టించాల్సింది," అన్నాడాయన మెల్లగా.

"పోనివ్వండి," అందావిడ.

మెకానిక్ సామాను సర్దుకుని చప్పుడు కాకుండా బయటికొచ్చాడు. వీధి మలుపు దాకా వెళ్లి, బండి పక్కకి ఆపి, భార్యకి ఫోన్ చేశాడు.

"నువ్వు చూసిన ఇంటికే మారిపోదాం. నీ ఇష్టం," అన్నాడు.

అవతల వెక్కిళ్లు వినబడ్డాయి.

ఆమె తిరిగొచ్చింది. ఇద్దరూ కలిసి వెలుతురున్న ఇంట్లో చేరారు. మాట తూలబోయినప్పుడల్లా అతను ఆ దంపతుల్ని తలుచుకుని నాలుక కరుచుకునేవాడు. వాళ్ల గురించి చెప్పగా చెప్పగా ఆమెకి కూడా వాళ్లని చూడాలనిపించింది. ఏసీ శుభ్రం చేసే సమయం రాగానే ఆమెని వెంటబెట్టుకుని బయల్దేరాడు. దారిలో పళ్లు కొన్నారు. కాళ్లకి దణ్ణం పెడితే ఏమైనా అనుకుంటారా అని ఆమె అడిగింది. పెద్దవాళ్లే కదా, పెట్టు అన్నాడు.

తలుపు తీసింది వేరే ఆవిడ. వెనకాల హాల్లో ఇంకా విప్పని అట్టపెట్టెలు ఉన్నాయి.

ఈ ఇంటివాళ్లు ఎక్కడికెళ్లారని మెకానిక్ అడిగాడు.

"ఏసీ ఉంటే ఇల్లు తొందరగా అమ్ముడుపోతుందని బిగించారటండీ, విడాకుల తీర్పు రాగానే మాకమ్మేసి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు," అందావిడ.