ఖాళీ గది రికార్డు

నా భార్య పాటలన్నీ నా తమ్ముడి మైకు ముందే పాడింది. నా ఎదుట ఒక్కటీ పాడలేదు.

ఆమె పోయిన ఏడాదికి, వాడి మైకు కన్నా మంచిది కొన్నాను. ఆమె గదిలో వాడే బిగించాడు.

“నీకెందుకన్నయ్యా ఇంత ఖరీదైంది? చీమ తుమ్మినా పట్టేస్తుంది.”

“మంచివన్నీ నీకేనా?” అన్నాను.

వాడు నవ్వేసి, కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ పెట్టాడు. “పాడే ముందు ఖాళీ గదిని పది సెకన్లు రికార్డు చెయ్యి. ఆ రొదని ఇది గుర్తుపెట్టుకుని, పాటలోంచి తీసేస్తుంది.”

ఆ రాత్రి ఫ్యాను ఆపి, ఊపిరి బిగబట్టి రికార్డు చేశాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. ఆరు సెకన్లు నిశ్శబ్దం. ఏడో సెకనులో, పాట ఎత్తుకునే ముందు పీల్చినట్టు, ఎవరో గాలి పీల్చుకున్నారు. తర్వాత ఆమె గొంతు.

“మరిదిగారూ, మొదలుపెట్టనా?”

ఒక్కసారైనా నన్ను పిలుస్తుందేమోనని తెల్లవార్లూ రికార్డు చేస్తూనే ఉన్నాను. ప్రతిసారీ అదే ప్రశ్న. ప్రతిసారీ మైకుకు ఇంకొంచెం దగ్గరగా. ఆఖరిసారి “ఏవండీ” అంది. హెడ్‌ఫోన్లు చెవులకి అదుముకున్నాను.

“ఏవండీ, మరిదిగారు రాలేదా?”

పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేశాడు. “గదిలో రొద ఏమైనా వచ్చిందా అన్నయ్యా?”

“ఏమీ రాలేదు. నువ్వు మళ్లీ రానక్కర్లేదు” అన్నాను.