మీటింగ్ రూమ్‌లో థెరపీ

ఒప్పేసుకుంటున్నాను: ఆఫీసు మీటింగ్ రూమ్‌ని "క్లయింట్ కాల్" అని బుక్ చేసి, అందులో ఆన్‌లైన్ థెరపీ మొదలుపెట్టాను. ఇంట్లో గది తలుపేసుకుంటే అమ్మ ఊరుకోదు మరి.

ఫీజు మొత్తం నా జేబులోంచే. అంత పోసి కూడా, సగం సేపు "అంతా బానే ఉందండీ" అంటూ కూర్చున్నాను.

"మరి నా దగ్గరికి ఎందుకొచ్చారు?" అంది లాప్‌టాప్‌లోంచి థెరపిస్టు మేడం.

నేను నోరు తెరిచేలోపు తలుపు తెరుచుకుంది. మా మేనేజరు! క్లయింట్ అంటే ఆయనకి ప్రాణం లేచొస్తుంది. కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నాడు.

"మీరెవరండీ?" అంది మేడం.

"ఈ అమ్మాయి మేనేజర్ని మేడం. మీకేం కావాలన్నా మొహమాటపడకండి. మా అమ్మాయి దేనికీ కాదనదు. ఆదివారం రమ్మన్నా వస్తుంది. పక్కవాళ్ల పని నెత్తిన పడేసినా నవ్వుతూ చేస్తుంది. లీవు క్యాన్సిల్ చేస్తే థాంక్స్ చెబుతుంది, పిచ్చితల్లి!"

నేను డబ్బు కట్టి కూడా చెప్పుకోలేని జబ్బుని ఆయన ఒక్క గుక్కలో, ఉచితంగా చెప్పేశాడు.

మేడం నన్నే చూసింది. "నిజమేనామ్మా?"

"నిజమే మేడం."

"చూశారా! ఇంకేం చేయించమంటారు?" అంటూ మేనేజరు పెన్ను తీశాడు.

"సార్, మీరు లేవండి," అన్నాను.

"అదేంటమ్మా, క్లయింట్ ముందు..."

"ఈ గంట నాది సార్. లేవండి."

లేచాడు! కుర్చీ కూడా సర్ది వెళ్లాడు. నేను లేవమంటే ఆయన లేస్తాడని ఇన్నాళ్లూ నాకు తెలీనే తెలీదు.

మీరు మొదటిసారి ఎవర్ని లేవమన్నారు? కింద రాయండి. రేపు ఆయనకి నిజం చెప్పాలి, ధైర్యం సరిపోవట్లేదు.