నేలకు మొక్కని వేటగత్తె

రక్తపిశాచాల్ని వేటాడే అమ్మాయిల జపాన్ యానిమే బొమ్మల సినిమాలని ఇప్పుడు ఎవరింట్లో వాళ్ళే కంప్యూటర్ చేత మనుషుల సినిమాలుగా తీయించుకుంటున్నారు. హీరోయిన్‌కి వాళ్ళింటి పిల్ల ముఖం పెడతారు. ఒళ్ళు మాత్రం నాది. ముప్పయ్యేళ్ళ కిందట కృష్ణానగర్‌లో సినిమా ఫైటర్‌గా ఉన్నప్పుడు, ఒక కంపెనీ వాళ్ళు ఒంటినిండా చుక్కలంటించి మూడు రోజులు నా చేత దూకించారు. ఆ దూకుళ్ళన్నీ కంప్యూటర్లో దాచుకున్నారు.

నిన్న ఆ కంపెనీ నుంచి మేఘన అనే అమ్మాయి ఫోన్ చేసింది.

"ఆంటీ, హీరోయిన్ దూకే ముందు ప్రతిసారీ వంగి నేలని తాకి కళ్ళకద్దుకుంటోంది. ఇదేంటని కస్టమర్లు అడుగుతున్నారు."

"ఫైటర్లం అంతే చేస్తామమ్మా. పడబోయేది దాని మీదే కదా, ముందుగా చెప్పుకోవద్దూ?"

"కథలో లేదు కదాంటీ. తీసేస్తున్నాం."

"తీసేయండి. నా దూకుళ్ళు పెట్టేటప్పుడు నన్నడిగారా?"

ఆ కోపంలో బెండకాయలు మరీ సన్నగా తరిగేశాను.

ఈ సాయంత్రం కింది వాటా సువర్చల వాళ్ళ కొత్త సినిమా చూడమని పిలిచింది. గోడ నిండా బొమ్మ. కోట బురుజు మీద వాళ్ళ పద్నాలుగేళ్ళ చిన్మయి ముఖం, కింద నా భుజాలు. అడుగున పిశాచాలు కాచుకునున్నాయి. పిల్ల వంగలేదు. నేలకేసి చూడనైనా చూడలేదు. అలాగే దూకబోతోంది.

నా మోకాళ్ళు ఇప్పుడు వంగవు. కుర్చీలోంచే పక్కకి ఒరిగి, గచ్చుని తాకి కళ్ళకద్దుకున్నాను.

"ఏం పడిపోయింది పిన్నిగారూ?" అంది సువర్చల.

"ఏమీ లేదమ్మా. పిల్ల బాగానే దిగింది."