అద్దం పట్టే పిల్ల

కమలాక్షికి మళ్లీ తలనొప్పి వచ్చింది. మూడోనాటికి నొప్పి తలను వదిలి కంటిని పట్టుకుంది. ఎడమ రెప్ప వాలిపోయింది. వేలితో ఎత్తి చూస్తే నల్లగుడ్డు చెవి వైపు తిరిగి ఉంది. పేరుకేమో కమలం, కన్నేమో పట్టపగలే కలువలా ముడుచుకుంది.

తొమ్మిదేళ్ల పిల్ల. ఆళ్లగడ్డ శిల్పి మద్దిలేటి కూతురు. గడివేముల గుళ్లో అమ్మవారి విగ్రహానికి కళ్లు తెరిపించడానికి ఇంకా ఎనిమిది రోజులే ఉన్నాయి.

ఆ పని తెర వెనక జరుగుతుంది. పూజారి కూడా బయటే. శిల్పి ఉలితో కనుపాపలు గీయాలి. గీత వెంట్రుకవాసి తప్పితే ఊరికి అరిష్టం. ఆ శిల్పిని మళ్లీ ఏ ఊరూ పిలవదు. అమ్మవారి తొలిచూపు మనుషుల మీద పడకుండా ఎదురుగా అద్దం పట్టాలి. మూడేళ్లుగా మద్దిలేటి వెంట తెర లోపలికి వెళ్లేది కమలాక్షే.

"అందుకే ఆ చూపు తగిలిందప్పా," అన్నాడు గుడి పెద్ద నరసింహులు. "రాళ్లకు కండ్లిచ్చి, బిడ్డ కన్ను రాయి చేస్తాండావ్. ఈసారి అద్దం నేను పడతాలే."

"వద్దన్నా! పాపే రావాల."

మద్దిలేటి ఎప్పట్లాగే కూతురి భుజం మీద చెయ్యి వేసి నంద్యాల బస్సెక్కాడు.

"రెప్ప ఎప్పుడు వాలింది?" అడిగాడు డాక్టరు.

"చెప్పు పాపా," అన్నాడు మద్దిలేటి.

"తండ్రివి, నువ్వు చూసుకోలేదా?"

మద్దిలేటి తల దించుకున్నాడు.

"భయం లేదు. కొందరు పిల్లలకు తలనొప్పితో పాటు కంటి కండరం పడిపోతుంది. దానంతటదే లేస్తుంది. నెల పట్టొచ్చు."

"ఎనిమిది రోజుల్లో లేవదా సార్?"

"ఏం, పెళ్లిచూపులా?"

మద్దిలేటి కూతురి భుజం పట్టుకుని లేచాడు.

ఆ రోజు రానే వచ్చింది. రెప్ప సగమే లేచింది. డప్పులు మోగాయి. తండ్రీ కూతుళ్లు లోపలికి వెళ్లగానే తెర పడింది.

"కన్నతండ్రే కన్ను తీస్తాండాడు," అని పళ్లు కొరికాడు నరసింహులు.

లోపల కమలాక్షి గుసగుసగా అంది. "నాయనా, అమ్మవారు ఇద్దరుండారు!"

"ఎడమ కన్ను మూసుకో తల్లీ. చెయ్యి మాత్రం వణకనీయాకు."

మూడేళ్లుగా తెల్లటి పొగ తప్ప ఏమీ కనిపించని మద్దిలేటి, తడుముకుంటూ అద్దం తను తీసుకుని, ఎప్పట్లాగే ఉలి కూతురి చేతిలో పెట్టాడు.