నిన్నటిలాగే కానివ్వండి

ఉన్న మడుగు ఎండిపోతే చిట్టిముక్కు అనే గూడబాతు దూరం నుంచి వచ్చి కొత్త గుంపులో చేరింది. దాని పాత మడుగులో ఎవరి చేప వాళ్లే పట్టుకునేవాళ్లు. ఇక్కడ అందరూ కలిసి వరసకట్టి చేపల్ని ఒడ్డుకు తోలి పట్టేవాళ్లు.

మర్నాడు పొద్దున్నే గుంపు నాయకుడు పెద్దసంచి, "ఊఁ, నిన్నటిలాగే కానివ్వండి," అన్నాడు.

నిన్న వేట వేళకు తనింకా రానేలేదాయె. చిట్టిముక్కు తోచినచోట నిలబడి శక్తికొద్దీ నీళ్లు కొట్టింది. దాని పక్కనున్న సందులోంచి చేపలన్నీ జారిపోయాయి.

"కాస్త తెలివుండక్కర్లా?" అన్నాడు పెద్దసంచి.

రెండోరోజు, "నేనెక్కడ నిలబడాలి పెద్దయ్యా?" అని అడిగింది.

"కళ్లున్నాయిగా, చూసి నేర్చుకో."

చూస్తే అందరి తోకలే కనిపించాయి. పక్కవాడిని అంటుకుని నిలబడింది. ఈసారి చేపలు అటు చివర నుంచి పోయాయి.

మూడోరోజూ అంతే. గూళ్లలో పిల్లలు ఆకలికి నోళ్లు తెరుచుకుని అరుస్తున్నాయి.

"నీకెన్నిసార్లు చెప్పాలే?" అని పెద్దసంచి మండిపడ్డాడు.

చిట్టిముక్కుకు ఒళ్లు మండింది. "ఒక్కసారి చెప్పండి చాలు పెద్దయ్యా. ఇంతవరకూ అదే చెప్పలేదు."

పెద్దసంచి చుట్టూ చూశాడు. మిగతావాళ్లంతా అవునన్నట్టు తలలూపారు.

"ఎడమ చివర, ఆ జమ్ముదుబ్బును ఆనుకుని నిలబడు. నేను రెక్క ఎత్తేదాకా కదలకు," అన్నాడు.

అది చెప్పడానికి ఒక చేపను మింగినంత సేపు కూడా పట్టలేదు. ఆ ఒక్క మాట కోసం గుంపంతా మూడు రోజులు పస్తులుంది.