ఆక్సిజన్ తగ్గించిన చెయ్యి

వెల్డరు ఐసీయూ తలుపుని కాలితో తన్నాడు.

అడ్డొచ్చిన వాచ్‌మన్‌ని గోడకేసి కొట్టాడు.

మంచం మీద తమ్ముడు బూడిదరంగుకి తిరిగిపోయి ఉన్నాడు. పేగుకి చిల్లుపడి, కడుపులో చీము పట్టి, ఆ విషం ఒళ్లంతా పాకింది. తల్లి పోయాక ఎత్తుకుని పెంచిన తమ్ముడు. వాడు తప్ప వెల్డరుకి ఎవరున్నారు గనక.

"ఆక్సిజన్ పెంచండి," అన్నాడు డ్యూటీ డాక్టరమ్మతో.

"పెంచి లాభం లేదండీ, మరీ ఎక్కువైతే ఊపిరితిత్తులకే చేటు. రక్తంలో ఆక్సిజన్ నిండుగానే ఉంది. మామూలుగా అది తగ్గితే ఒంట్లో కణాలు పసిగట్టి, ఎలాగోలా సర్దుకుంటాయి. ఈ విషం వాటి తెలివి చెడగొట్టింది. కంచం నిండా అన్నం ఉంది, తినే శక్తి లేదు. పొట్ట కోసి చీము తీసెయ్యాలి. ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరుగారు బయల్దేరారు."

"పొద్దుట్నుంచీ బయల్దేరుతూనే ఉన్నాడు."

"వచ్చేస్తారు, కాస్త ఓపిక పట్టండి."

"నాకు కబుర్లు చెప్పకండి. మంట నీరసిస్తే ఆక్సిజన్ తిప్పాలి. నా బతుకంతా అదే పని."

ఆమెని పక్కకి నెట్టి, గోడకున్న నాబ్‌ని చివరిదాకా తిప్పేశాడు. తమ్ముడి రంగు మాత్రం మారలేదు. మొండివాడికి అది కనబడితేగా.

జేబులోంచి సిలిండర్ స్పానర్ తీశాడు.

"ఎవడైనా దీన్ని ముట్టుకుంటే చెయ్యి విరుగుతుంది."

డాక్టరమ్మ పోలీసులకి ఫోన్ చెయ్యడానికి బయటికి పరిగెత్తింది.

కాసేపటికి ఒక ముసలాయన లోపలికొచ్చాడు. ఒళ్లంతా తడి, మోకాళ్లదాకా బురద, కాళ్లకి చెప్పులైనా లేవు. తిన్నగా వెళ్లి తమ్ముడి పొట్ట నొక్కి చూశాడు.

"ఎవడ్రా నువ్వు?"

"తర్వాత చెప్తాను నాయనా, జరుగు. ఇప్పటికే ఆలస్యమైంది," అంటూ ఆయన నాబ్ మీద చెయ్యి వేసి తగ్గించాడు.

స్పానర్ దిగింది. ఎముకలు విరిగిన చప్పుడైంది. ఆయన కింద పడ్డాక కూడా వెల్డరు ఆగలేదు, అదే చేతిని బూటుతో తొక్కాడు.

"నర్సుని పిలువు నాయనా," అన్నాడు ముసలాయన నేలమీంచే. "ముందు కుర్రాడి సంగతి చూడాలి."

"నీ సంగతి చూసుకోరా ముందు."

డాక్టరమ్మ మనుషుల్ని వెంటబెట్టుకొచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. మెల్లిగా వచ్చి, నేల మీద కూలబడి, నుజ్జయిన ఆ చేతిని ఒళ్లోకి తీసుకుంది.

"ఎవడో పిచ్చోడు," అన్నాడు వెల్డరు ఒగురుస్తూ. "నా తమ్ముడికి ఊపిరి తగ్గించేస్తున్నాడు."



"వంతెన మునిగిపోతే కారు వదిలేసి, నడుంలోతు నీళ్లలో నడిచొచ్చారు," అంది ఆమె. "మీ తమ్ముడి పొట్ట కోసి చీము తీయాల్సిన చెయ్యి ఇదే."