రథానికి బరకం

"ఈసారి రథం మీద కప్పే బరకం కూడా చిరిగిపోతే ఏం చేస్తారండి?" అని అబ్బులు నలుగురిలో నిలదీసేసరికి గుడి కమిటీ ప్రెసిడెంటు పల్లంరాజు ముఖం కందగడ్డయింది.

రెండేళ్ళలో రెండు బరకాలు ఎండకు అప్పడాల్లా పెళుసెక్కి, వేణుగోపాలస్వామి రథం మీద పేలికలై వేలాడాయి. ఇంకో వర్షాకాలం తడిస్తే పాత చెక్క చివికిపోతుంది.

"ఏడాది తిరక్కుండా చిరిగితే నా కుర్చీ మీకే ఇచ్చేస్తాను. స్వామి సాక్షి" అనేశాడు పల్లంరాజు.

అన్నాక నాలిక్కరుచుకున్నాడు. ఎండా స్వామిదే, రథమూ స్వామిదే, మధ్యలో తన కుర్చీకి ముప్పేమిటో అర్థం కాలేదు.

రాజమండ్రి వెళ్ళి మూడు షాపులు తిరిగాడు. ఎవరికి వాళ్ళే తమ సరుకు పదేళ్ళు నిలుస్తుందన్నారు. మాటలు నమ్మదలచుకోలేదు. నీలం ప్లాస్టిక్కూ, ఖాకీ కాన్వాసూ, పసుపు నైలానూ మూరేసి ముక్కలు అడిగి తెచ్చాడు. ఉగాది నాడు డాబా మీద బట్టల తీగకి కట్టి, వీటిలో ఒకటి స్వామివారి రథానికి కప్పుతామని భార్య మాణిక్యాంబకి చెప్పాడు. ఆమె మూడింటికీ దణ్ణం పెట్టుకుంది.

రోజూ పొద్దున్నే చేలోకి పోయి, సాయంత్రం కాళ్ళయినా కడుక్కోకుండా మెట్లెక్కి చూసేవాడు. రోహిణి కార్తె వెళ్ళేసరికి నీలం ముక్క వేలితో పొడిస్తే చిట్లిపోయింది. ఖాకీది వెలిసి, ముడి దగ్గర పిగిలింది. పసుపుది మాత్రం నిన్న కత్తిరించినట్టుంది.

పల్లంరాజు ఆ పసుపు గుడ్డే తెప్పించి, రథం కొలతకి కుట్టించాడు. కప్పే రోజు ఊళ్ళోవాళ్ళంతా వచ్చారు. మూడు ముక్కలూ పళ్ళెంలో పెట్టి అందరికీ చూపించాడు. అబ్బులు పసుపు ముక్కని లాగాడు, గోటితో గీకాడు, వెలుతురుకి పట్టి చూశాడు. ఒప్పుకోక తప్పలేదు.

"అంత ఎండలో ఉన్నా రంగైనా తగ్గలేదే. ఎలాగండీ ఇది?"

పల్లంరాజు మీసం సవరించుకుని చెప్పబోయేలోగా, హారతి కళ్ళకద్దుకుంటున్న మాణిక్యాంబ అందుకుంది.

"స్వామివారికి పసుపైతేనే నప్పుతుందనిపించిందండి అన్నయ్యగారూ. ఈయన చేలోకెళ్ళగానే దాన్ని విప్పి దేవుడి గదిలో పెట్టి, వచ్చే వేళకి మళ్ళీ కట్టేసేదాన్ని. స్వామి కప్పుకునే గుడ్డని ఎండలో పాడుచేసుకుంటామా?"